స్విచ్చి ఆపితే చాలదు



దసరాకో సంక్రాంతికో ఇంటికి సున్నాలు వేయిస్తాం. గోడలు తెల్లబడగానే పైన వేలాడే పాత లైటు కంటికి ఆనదు. బజారుకెళ్లి గుండ్రటి ఎల్‌ఈడీ లైటొకటి కొనుక్కొస్తాం. పెట్టె విప్పితే లైటు, రెండు స్క్రూలు, రెండు తీగలు. ఇంతే కదా, పావుగంట పని అనుకుంటాం. కొత్త ఇంట్లో అయితే నిజంగానే పావుగంట పని. యాభై అరవై ఏళ్లనాటి వైరింగ్ ఉన్న ఇంట్లో మాత్రం ఆ పావుగంటని నమ్మకండి. ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

మీచేత ఈ పని చేయించాలని నేను రాలేదు. భయపెట్టి మాన్పించాలనీ రాలేదు. మీరే నిచ్చెన ఎక్కినా, ఎలక్ట్రీషియన్ని పిలిచి కింద నిలబడినా, పైన ఏముందో, ఎక్కడ ఆగాలో తెలిసి ఉండాలి. చేయించేవాళ్లకి మరీ ముఖ్యం. అడగనిదే చెప్పే తీరిక పండగ రోజుల్లో ఏ పనివాడికీ ఉండదు.

ఓ పాత మిద్దె ఇల్లు అనుకోండి. దూలాల వెంట చెక్క పట్టీలు, వాటి మీద చిన్న చిన్న రేకు క్లిప్పులతో బిగించిన తీగలు. గది మధ్యలో గుండ్రటి చెక్క, దానికి నల్లటి హోల్డరు. మనవడు స్టూలెక్కాడు. కింద నుంచి మామ్మ అడిగింది. "కరెంటు ఆపావురా?" "ఆపాను మామ్మా. స్విచ్చి ఆపే ఎక్కాను." మామ్మకి ధైర్యం వచ్చింది. మనవడికి అంతకుముందే ఉంది.

చిక్కంతా అక్కడే. లైటుకి రెండు తీగలు వస్తాయి. ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్. షాక్ కొట్టేది ఫేజు. స్విచ్చి ఆ ఫేజు తీగ మీద ఉండాలి. అప్పుడు స్విచ్చి ఆపితే ఫేజు స్విచ్చి దగ్గరే ఆగిపోతుంది. అదే స్విచ్చి న్యూట్రల్ మీద ఉంటే? అప్పుడూ లైటు ఆరిపోతుంది. చూడటానికి ఏ తేడా ఉండదు. కానీ ఫేజు పైన హోల్డరు దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. లైటు ఆరింది, కరెంటు మాత్రం ఆగలేదు.

అలా ఎవరు బిగిస్తారండీ అంటారేమో. ఒక్కోసారి వైరింగ్ చేసినవాడి పొరపాటే. కానీ చాలాసార్లు ఇంట్లో ఎవరూ ఏమీ చేయకుండానే అలా అవుతుంది. గాలివానకి స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు తెగింది. కొత్త వైరు లాగి కలిపారు. ఆ కలపడంలో రెండు కొసలూ తారుమారయ్యాయి. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, అందరూ సంతోషించారు. కానీ ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఉన్న ప్రతి స్విచ్చీ న్యూట్రల్ మీదకి మారిపోయింది. వైరింగ్ చేసిన మేస్త్రీ ఎంత నిపుణుడైనా సరే, ఆయన పని తలకిందులైంది.

అందుకే చెబుతున్నాను. స్విచ్చి ఆపడం వేరు, కరెంటు ఆపడం వేరు. లైటు ముట్టుకోవాలంటే మెయిన్ ఆపాలి.

సరే, మెయిన్ ఆపారు. అయిపోయిందా? మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? ఉంటే వినండి. మెయిన్ దించగానే ఇన్వర్టర్ ఏమనుకుంటుంది? కరెంటు పోయిందనుకుంటుంది. వెంటనే బ్యాటరీ నుంచి లైట్లకీ ఫ్యాన్లకీ కరెంటు పంపిస్తుంది. మీరు స్టూలు మీద నిలబడి ఏ తీగనైతే పట్టుకున్నారో సరిగ్గా ఆ తీగకే పంపిస్తుంది. ఎందుకంటే ఇన్వర్టర్ని కలిపిందే లైట్లకి. అది ఇచ్చేదీ 230 వోల్టుల వరసే. బ్యాటరీ కరెంటు కదా, మెత్తగా ఉంటుందనుకోకండి. పోనీ ఇన్వర్టర్ ఒక్కటీ ఆపి మెయిన్ వదిలేద్దామా? చాలా ఇన్వర్టర్లలో ముందున్న బటన్ ఆపినా బయటి కరెంటు దాని గుండా లైట్లకి వెళ్తూనే ఉంటుంది. కాబట్టి రెండూ ఆపాలి. మెయిన్ ఆపాలి, ఇన్వర్టరూ ఆపాలి.

ఇంకో అలవాటుంది మనకి. కరెంటు పోతుంది. "ఎలాగూ కరెంటు లేదుగా, ఇప్పుడే ఆ లైటు మార్చేద్దాం" అని స్టూలెక్కుతాం. ఇంతకంటే చెడ్డ ముహూర్తం లేదు. అది ఎప్పుడొస్తుందో మనకి చెప్పి రాదు. తీగ రెండు వేళ్ల మధ్య ఉన్నప్పుడు రావచ్చు. కరెంటు లేని వేళయినా మెయిన్ దించే ఎక్కండి.

దించిన మెయిన్‌ని ఇంకొకరు ఎత్తకుండా చూడటం కూడా పనిలో భాగమే. పక్క గదిలో క్రికెట్ చూస్తున్న అబ్బాయి టీవీ ఆగిపోయిందని విసుక్కుంటూ వచ్చి మెయిన్ ఎత్తేస్తాడు. పాపం, మీరు పైనున్నారని వాడికి తెలియదు. పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజులుంటాయి కదా. మెయిన్ దించాక ఆ ఫ్యూజు పీకి మీ జేబులో వేసుకోండి. అంతకంటే గట్టి తాళం లేదు. ఫ్యూజులు కాకుండా ఎమ్‌సీబీలుంటే, ఇంట్లో ఒకరిని బోర్డు దగ్గర నిలబెట్టండి.

ఆ పింగాణీ ఫ్యూజుల గురించే ఇంకో సంగతి. బాగా పాత బోర్డుల్లో ఫేజుకొక ఫ్యూజు, న్యూట్రల్‌కొక ఫ్యూజు ఉంటాయి. న్యూట్రల్‌కి విడిగా ఫ్యూజు పెట్టకూడదు. 1956 నాటి విద్యుత్ నియమాలే ఆ మాట చెప్పాయి. అయినా అంతకుముందు బిగించినవి, ఆ తర్వాత తెలియక బిగించినవి ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ న్యూట్రల్ ఫ్యూజు కాలిపోయిందనుకోండి. ఇల్లంతా చీకటి. ఒక్క లైటూ వెలగదు. కానీ ఫేజు ప్రతి హోల్డరులోనూ ఉంటుంది. చీకటిగా ఉంది కాబట్టి కరెంటు లేదని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. తీగ మాత్రం కొడుతుంది.

అందుకే అన్నీ ఆపాక కూడా పరీక్షించాలి. ముందు ఆపాలి, తర్వాత పరీక్షించాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి.

పరీక్ష అంటే మనకి టెస్టరే. స్క్రూడ్రైవరు పిడిలో ఎర్రగా వెలిగే బుల్లి దీపం. మంచి పరికరమే, కాదనను. కానీ అది వెలిగితే నమ్మండి, వెలగకపోతే వెంటనే నమ్మకండి. ఎందుకంటే ఆ దీపం మీ ఒంటి ద్వారా నేలకి పోయే రవ్వంత కరెంటుతో వెలుగుతుంది. మీరు ఎండిన చెక్క స్టూలు మీద, రబ్బరు చెప్పులతో ఉన్నప్పుడు అది మసకబారుతుంది. పట్టపగలు కిటికీ వెలుతురులో ఆ మసక కంటికి కనిపించదు. పైగా టెస్టరే పాడై ఉండొచ్చు. మెయిన్ దించకముందే పనిచేస్తున్న ప్లగ్గులో పెట్టి టెస్టర్ వెలుగుతోందో లేదో చూసుకోండి. లైటు దగ్గర చూసేటప్పుడు అరచేత్తో నీడ పట్టండి. రెండు తీగలూ చూడండి, ఒక్కటి చూసి దిగకండి. ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ ఉంటే మరీ మంచిది. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఓసారి, ఒక్కొక్క తీగకీ ఎర్త్‌కీ మధ్య ఓసారి చూడమనండి.

ఇక నిచ్చెన. కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద మనిషి, ఇది మన ఇళ్లలో మామూలు దృశ్యం. లైటు దగ్గర తగిలే షాక్ ఒక్కోసారి చిన్నదే కావచ్చు. చెయ్యి జిల్లుమంటుంది, అంతే. కానీ ఆ ఉలికిపాటుకి మనిషి వెనక్కి పడతాడు. తల గచ్చుకి తగులుతుంది. కాబట్టి నిచ్చెన ఒకరు పట్టుకోవాల్సిందే. ఇందులో వాదన లేదు.

ఇప్పుడు మూత విప్పుదాం. పాత ఇంట్లో అసలు కథ ఇక్కడుంటుంది.

మొదట చేయాల్సిన పని, ఏమీ కదపకుండా ఫోనుతో ఫొటో తీయడం. ఎందుకంటే రెండు తీగలుంటాయనుకున్న చోట మూడో నాలుగో ఉండొచ్చు. పాత వైరింగ్‌లో గోడల మధ్య అతుకులు ఉండకూడదని, తీగని లైటు నుంచి లైటుకి తీసుకెళ్లేవారు. దాన్ని లూపింగ్ అంటారు. న్యూట్రల్ మీ లైటు దగ్గరికొచ్చి, అదే స్క్రూ కింద నుంచి పక్క గది లైటుకి వెళ్తుంది. ఒక స్క్రూ కింద రెండు తీగలన్నమాట. మీరు రెండూ విప్పి, ఒక్కటే కొత్త లైటుకి పెట్టారనుకోండి. ఈ గది వెలుగుతుంది, పక్క గది ఆరిపోతుంది. ఆరిపోవడంతో సరిపోదు. పక్క గది స్విచ్చి వేసి ఉంటే, వదిలేసిన ఆ న్యూట్రల్ కొసకి అక్కడి లైటు గుండా కరెంటు వచ్చి నిలబడుతుంది. న్యూట్రల్ కదా అని పట్టుకుంటే కొడుతుంది. కాబట్టి ఒక స్క్రూ కింద కలిసి ఉన్న తీగలు కొత్త లైటులోనూ కలిసే ఉండాలి.

రంగులు చూసి గుర్తుపడదామా? ఎరుపు, పసుపు, నీలం ఫేజుకి, నలుపు న్యూట్రల్‌కి, ఆకుపచ్చ ఎర్త్‌కి. ఇది మన దేశంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. కానీ పాత ఇంట్లో ఆ రంగుల మీద ఒట్టు పెట్టుకోలేం. ఎర్ర వైరు అయిపోతే మిగిలిన నల్ల వైరే వాడేసినవాళ్లున్నారు. ఆకుపచ్చది ఫేజుకి వాడినవాళ్లూ ఉన్నారు. మరీ పాత తీగల మీది గుడ్డ అల్లిక మసిబారి అన్నీ ఒకే రంగులోకి వచ్చేస్తాయి. రంగు సూచన మాత్రమే. తేల్చాల్సింది టెస్టరే.

గుడ్డ అల్లిక అన్నాను కదా. ఆ తీగని కాస్త దగ్గరగా చూద్దాం. బయట మైనం పట్టించిన నూలు అల్లిక. దాని లోపల రబ్బరు. రబ్బరు లోపల రాగి. ప్లాస్టిక్ తొడుగు తీగలు రాకముందు చాలా ఇళ్లకి ఇవే. పాత మేస్త్రీలు వీటిని వన్ బై ఎయిటీన్, త్రీ బై ట్వెంటీటూ అని పిలిచేవారు. ఇప్పుడు మనం ఒకటిన్నర స్క్వేర్ ఎమ్‌ఎమ్ అంటున్నట్టు. కొత్తగా ఉన్నప్పుడు ఆ రబ్బరు సాగేది. ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోయింది. ముఖ్యంగా హోల్డరు దగ్గరి జానెడు తీగ. అక్కడ ఎన్నో ఏళ్లు 60 వాట్ల బల్బో, 100 వాట్ల బల్బో వేడి కక్కింది. ఆ వేడికి రబ్బరు మాడిపోయింది. కదపనంత వరకు అది అలాగే నిలబడి ఉంటుంది. మీరు తీగని కొంచెం వంచగానే అప్పడంలా పెళపెళమని విరిగి కింద రాలుతుంది. మీ చొక్కా మీద నల్లటి పొడి. పైన బోసి తీగ.

నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే. పాత తీగ ఇన్నేళ్లు పనిచేసింది కాబట్టి బాగుందని అర్థం కాదు. ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి పనిచేసింది. లైటు మార్చడమంటే దాన్ని మొదటిసారి ముట్టుకోవడం. కొత్త లైటు బాగుంటుంది, అది కొత్తదే కదా. చూడాల్సింది దాని వెనకున్న తీగని.

బోసిపడిన తీగ కొస తెల్లగా మెరుస్తుంటే అల్యూమినియం అని కంగారు పడకండి. రబ్బరులో గంధకం ఉంటుంది. అది రాగిని తినేయకుండా ఆ రోజుల్లో రాగికి తగరం పూత పూసేవారు. చాకు మొనతో కాస్త గీకి చూడండి. లోపల ఎర్రగా కనిపిస్తే రాగి. ఎంత గీకినా తెల్లగానే ఉండి, చేతికి తేలిగ్గా, మెత్తగా తగిలితే అల్యూమినియం. మన దగ్గర డెబ్బైల్లో, ఎనభైల్లో కట్టిన ఇళ్లలో అల్యూమినియం తీగలు బాగానే వాడారు. అది రెండు మూడుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. కొత్త లైటుకొచ్చే రాగి తీగతో దాన్ని మెలిపెట్టి టేపు చుడితే, మొదట్లో బ్రహ్మాండంగా వెలుగుతుంది. తర్వాత ఆ అతుకు మధ్య తుప్పు పొర పేరుకుని వదులవుతుంది. వదులైన చోట వేడెక్కుతుంది. దీనికి మెలిక పనికిరాదు. రెండు లోహాలకీ పనికొస్తుందని రాసి ఉన్న కనెక్టరు అడిగి కొనండి. కనెక్టరు ఖరీదు ఆ లైటు ఖరీదులో పిసరంత.

ఎర్త్ సంగతి. మీరు కొన్న లైటు ఇనప బాడీదైతే దాని నుంచి మూడో తీగ వస్తుంది. ఆకుపచ్చ మీద పసుపు చార. పైన చూస్తే రెండు తీగలే. పాత ఇళ్లలో లైటు పాయింట్లకి ఎర్త్ లాగలేదు. అప్పటి హోల్డర్లు చాలావరకు బేకలైటువి, అవసరం రాలేదు. ఇప్పుడు ఆ మూడో తీగని కత్తిరించి పారేయడం మన దగ్గర చాలా మామూలుగా జరిగే పని. ఇంకొందరు తెలివిగా న్యూట్రల్‌కి కలిపేస్తారు. ఆ తెలివి మరీ ప్రమాదం. సర్వీసు వైరు తారుమారైతే న్యూట్రల్ ఏమవుతుందో ఇందాకే చెప్పుకున్నాం. అప్పుడు లైటు బాడీ అంతా ఫేజే.

పైనున్న లైటుని ఎవరు ముట్టుకుంటారులే అంటారా? బూజుకర్ర ముట్టుకుంటుంది. వెనకటి వెదురు బూజుకర్రలు కావిప్పుడు. పొడుగ్గా సాగే స్టీలు గొట్టాలు. తడిసిన గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి, ఆ గొట్టంతో లైటు చుట్టూ బూజు దులిపే మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. కాబట్టి ఎర్త్ లేని చోట ఇనప బాడీ లైటు వద్దు. ప్లాస్టిక్ బాడీది తీసుకోండి. పెట్టె మీదో, లైటు వెనకో చతురస్రంలో ఇంకో చిన్న చతురస్రం గీసిన గుర్తు ఉంటుంది. లోపల రెండింతల రక్షణ ఉంది, దీనికి ఎర్త్ అక్కర్లేదని ఆ గుర్తుకి అర్థం. షాపులో ఆ గుర్తు చూపించమని అడగండి. లేదూ, ఇత్తడి షాండిలియరే కావాలంటారా? అయితే ముందు ఎర్త్ తీగ లాగించండి. బరువుని తీగకి కాకుండా కొక్కేనికి వేయించండి. ఆ పాత గుండ్రటి చెక్కని పట్టుకున్న స్క్రూలు, పైన దిగగొట్టిన చెక్క ముక్కల్లోకి పోయి ఉంటాయి. వాటికి చెదలు పట్టాయో లేదో ఎవరికీ తెలియదు.

ఇంతకీ ఈ పని మనం చేయొచ్చా? 1956 నియమాలు దీనికీ జవాబిచ్చాయి. వైరింగ్ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలి. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, ఫిట్టింగులు ఉన్నవి తీసి అలాంటివే పెట్టుకోవడానికి మాత్రం మినహాయింపు ఉంది. వైరింగ్ సామర్థ్యం, స్వభావం మారనంత వరకే ఆ మినహాయింపు. నాకు ఆ గీత సరైన చోటే గీశారనిపిస్తుంది. లైటు మీది. తీగ జోలికి వెళ్లాల్సి వస్తే మాత్రం పని తెలిసిన మనిషిది.

మూత విప్పగానే రబ్బరు రాలిందా? ఆగండి. తీగ చుట్టూ మసి ఉందా? ఆగండి. స్లాబు చెమ్మగిల్లి, గుండ్రటి చెక్క నానిపోయి ఉందా? వానాకాలం అయ్యేదాకా అక్కడ లైటే వద్దు. రాలిన చోట టేపు చుట్టి మూత పెట్టేయడం మాత్రం చేయకండి. టేపు ఉన్నంత మేర కప్పుతుంది, దానికి పై అంగుళంలో రబ్బరు మళ్లీ రాలుతుంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి మెగ్గర్ పెట్టి చూడమనండి. తీగ మీది తొడుగులో ఇంకా ప్రాణం ఉందో లేదో ఆ పరికరం చెబుతుంది. మెగ్గర్ పెట్టకుండానే "ఏం పర్లేదండీ" అనేవాణ్ణి, చూడకుండానే "ఇల్లంతా మార్చాలండీ" అనేవాణ్ణి ఇద్దర్నీ ఒకే అనుమానంతో చూడండి. గోడలు పగలగొట్టక్కర్లేదు. దూలం పక్క నుంచి సన్నటి ప్లాస్టిక్ పట్టీ కొట్టించి, అందులో ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడు కొత్త తీగలు లాగించొచ్చు. పాత మిద్దె అందం చెడుతుందని కొందరు బాధపడతారు. ఆ బాధ నాకూ ఉంది. దూలం రంగుకి దగ్గరగా పట్టీకి రంగు వేయిస్తే అంతగా కనిపించదు.

కొత్త లైటు వెలిగాక రాత్రి ఓసారి స్విచ్చి ఆపి, చీకట్లో దానివైపు చూడండి. ఎల్‌ఈడీ మసకమసకగా వెలుగుతూ ఉండొచ్చు. స్విచ్చిలో చిన్న ఎర్ర దీపం ఉంటే దాని వల్ల కావచ్చు, అది పెద్ద విషయం కాదు. స్విచ్చిలో ఏ దీపమూ లేకుండానే లైటు మసకగా వెలుగుతుంటే, స్విచ్చి న్యూట్రల్ మీద ఉందేమోనని అనుమానించాల్సిందే. మర్నాడే చూపించండి.

ఎలక్ట్రీషియన్ ఎలాగూ వచ్చాడు కాబట్టి, బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టించండి. 30 మిల్లీఆంపియర్లది అని అడగండి. తీగలోంచి వెళ్లిన కరెంటు తిరిగి రాకుండా మనిషి ఒంట్లోంచో, తడి గోడలోంచో నేలకి పోతుంటే, అది కన్ను మూసి తెరిచేలోపు ఆపేస్తుంది. పాత ఇంట్లో దాన్ని పెట్టిన మొదటి వారంలోనే ఒక ఫిర్యాదు వస్తుంది. "ఇది మాటిమాటికీ పడిపోతోందండీ, పాడైపోయింది, తీసేయండి." తీసేయించకండి. చాలాసార్లు దానికేం కాలేదు. మీ ఇంట్లో ఎక్కడో రబ్బరు రాలిన తీగ గోడ చెమ్మని తాకుతోంది. ఒక్కొక్క గది ఎమ్‌సీబీ దించుతూ, ఏ గదిని దించినప్పుడు అది పడకుండా నిలబడుతుందో చూడమనండి. మామూలుగా వెతుకులాట స్నానాలగది లైటు దగ్గర మొదలుపెడతారు.